సగం బిస్కెట్టు

మా పాపకి మూడేళ్లు నిండిన నెలలోనే, ఒంట్లో జ్వరం కూడా లేకుండా ఫిట్స్ వచ్చాయి. కుడి చెయ్యి ఒక్కటే కొట్టుకుంది, మూతి ఆ పక్కకే లాగేసింది. ఒక పక్కనే వచ్చింది కాబట్టి మెదడుకి ఎమ్మారై స్కాన్ తీయాల్సిందే అన్నారు పిల్లల న్యూరాలజిస్టు. సీటీ అయితే నిమిషాల్లో అయిపోతుంది. ఎమ్మారైకి అరగంట పైనే పడుతుంది, అంతసేపూ ఆ మెషీను డబడబల మధ్య కదలకుండా పడుకోవాలి. మాది జడ వేసేటప్పుడే అర నిమిషం కుదురుగా ఉండని పిల్ల! అందుకే మత్తు ఇస్తామన్నారు.

పదింటికి టైమ్ ఇచ్చి, ఖాళీ కడుపుతో తీసుకురమ్మని ఫోన్‌లో చెప్పారు. పాలూ తిండీ ఆరు గంటల ముందే ఆపేయాలి, మంచినీళ్లు మాత్రం రెండు గంటల ముందు వరకు పట్టొచ్చు. ఎందుకో వాళ్లూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఉప్పల్ నుంచి పంజాగుట్ట దాకా క్యాబ్‌లో ఆకలి ఆకలి అని ఒకటే ఏడుపు. అక్కడికెళ్లాక వెండి మొలతాడు, కడియాలు తీయించారు, కాటుక కూడా తుడవమన్నారు, కొన్నిట్లో లోహపు రజను ఉంటే స్కాన్ బొమ్మ చెడుతుందట.

మత్తు డాక్టరు వచ్చి "పొద్దున్నుంచి ఏమన్నా తిన్నదా అమ్మా?" అంటే లేదని గట్టిగా చెప్పాను. ఆవిడ చూపు పాప గౌను మీద ఆగింది. మెడ దగ్గర బిస్కెట్టు పొడి. వెనక్కి తిరిగితే అత్తమ్మ కొంగు సర్దుకుంటోంది.

"సగమే పెట్టిన బిడ్డా, ఏడుస్తుంటే పానం ఆగలే."

స్కాన్ వాయిదా పడింది. మత్తులో వాంతి అయితే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది, దగ్గి బయటికి తోసే శక్తి అప్పుడు ఉండదు అని డాక్టరు అత్తమ్మకే కూర్చోబెట్టి చెప్పారు. తిట్టలేదు. దారంతా నేనే తిట్టాను, అది తప్పే.

రెండు రోజుల తర్వాత పొద్దున్నే మొదటి స్లాట్ అడిగి తీసుకున్నాం. ముందు ముక్కులో మందు కొట్టారు, ఊరికే నవ్వడం మొదలుపెట్టింది. సూది పెట్టాక పాలలా తెల్లగా ఉన్న మందు ఎక్కిస్తుంటే "అమ్మా, నాకు దో..." అంటూ నా చేతుల్లోనే వాలిపోయింది. ఆ బరువు మాత్రం మర్చిపోలేను. వేలికి ఆక్సిజన్ చూసే క్లిప్పు పెట్టారు, చెవులు మూశారు, డాక్టరు లోపలే ఉన్నారు. నన్ను బయటికి పంపారు.

లేచాక గట్టిగా ఏడ్చి నన్ను రెండు దెబ్బలు కొట్టింది. మత్తు దిగేటప్పుడు కొందరు పిల్లలు ఇలాగే చేస్తారట. ముందు నీళ్లు, అవి కడుపులో నిలిచాక ఇడ్లీ. సాయంత్రం దాకా నడక తూలుతూనే ఉంది.

రిపోర్టు నార్మల్. ఫిట్స్ మళ్లీ రాకుండా లెవెటిరాసెటమ్ సిరప్ రోజుకి రెండుసార్లు వేస్తున్నాం, పద్నాలుగు నెలలుగా ఫిట్స్ లేవు. రెండేళ్లు ఇలాగే గడిస్తే మెల్లగా తగ్గించడం గురించి చూద్దామన్నారు. సిరంజిలో మందు గీత దాకా వచ్చిందా లేదా అని అద్దాలు పెట్టుకుని అత్తమ్మే చూస్తుంది, నన్ను ముట్టనివ్వదు.