ప్లస్ త్రీలో మైనర్ ఎంచుకునే ముందు: బరంపురం, పర్లాకిమిడి, రాయగడ తెలుగు పిల్లలకు

ప్లస్ టూ ఫలితాలు రాగానే మన ఇళ్ళల్లో అందరూ అడిగే మాట ఒక్కటే: ఏ కాలేజీలో వస్తుంది? ఆ సంగతి మార్కులే తేల్చేస్తాయి, దాని గురించి తల బద్దలుకొట్టుకుని లాభం లేదు. మన చేతిలో ఉన్నవి వేరే రెండున్నాయి. ప్లస్ త్రీలో, అంటే ఒడిశా మూడేళ్ళ డిగ్రీలో, ఆనర్స్ సబ్జెక్టు (మేజర్ అన్నా అదే) పక్కన ఏ మైనర్లు, అంటే తోడు సబ్జెక్టులు పెట్టుకుంటాం, భాషా పేపర్లో ఏది తీసుకుంటాం అన్నవి. గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల తెలుగు పిల్లలు ఈ రెండిటి మీదే ఎక్కువ దెబ్బ తింటున్నారు. మూడేళ్ళ తర్వాత ఉద్యోగం ఒడిశాలో వెతుక్కుంటారో, ఆంధ్రకో, కేంద్ర సంస్థలకో వెళ్తారో ఇప్పుడు ఎవరికీ తెలియదు. అందుకే ఏ వైపూ దారి మూసుకుపోకుండా సబ్జెక్టులు కలుపుకోవాలి.

ముందు లెక్క. ఒడిశా కాలేజీల్లో 2024-25 బ్యాచి నుంచి కొత్త విద్యావిధానం పద్ధతి వచ్చింది. యూజీసీ చట్రం ప్రకారం మూడేళ్ళ డిగ్రీకి కనీసం 120 క్రెడిట్లు (క్లాసు గంటలను బట్టి పేపరుకిచ్చే పాయింట్లు). అందులో మేజర్‌కి 60, మైనర్‌కి 24, వేరే శాఖల నుంచి తీసుకునే మల్టీ డిసిప్లినరీ పేపర్లకు 9, భాషలకు 8, స్కిల్ పేపర్లకు 9, వ్యాల్యూ యాడెడ్‌కి 6 నుంచి 8, ఇంటర్న్‌షిప్‌కి 2 నుంచి 4. నాలుగో ఏడు కూడా చదివితే 160. ఒక్కో యూనివర్సిటీ ఈ చట్రంలోనే పేపర్ల పేర్లు, అంకెలు కాస్త అటూ ఇటూ చేసుకుంటుంది కాబట్టి మీ కాలేజీ సిలబస్ కాగితం చేతిలో పెట్టుకునే లెక్కేసుకోండి. మేజర్ సగం, మైనర్లు అయిదో వంతు అని గుర్తుంటే చాలు. ఆ అయిదో వంతును "ఏదైతేనేం" అని వదిలేస్తే, బీఈడీ అయ్యాక ఉద్యోగ ప్రకటన చూసినప్పుడు తెలిసొస్తుంది.

మన వైపు డిగ్రీ పిల్లల్లో చాలామంది చూపు టీచర్ ఉద్యోగం మీదే. ఆ ఉద్యోగాలకు "డిగ్రీ ఉంటే చాలు" అనే మాట చెల్లదు. ఏయే సబ్జెక్టులు డిగ్రీలో చదివారన్నది కూడా చూస్తారు. కేంద్రీయ విద్యాలయ సంగతే తీసుకోండి. సోషల్ టీజీటీకి (పదో తరగతి వరకు చెప్పే టీచర్ పోస్టు) హిస్టరీ, జాగ్రఫీ, ఎకనామిక్స్, పొలిటికల్ సైన్స్‌లలో రెండు ఉండాలి. ఆ రెండిట్లో ఒకటి హిస్టరీ గాని జాగ్రఫీ గాని అయి తీరాలి. ఇప్పుడు మన కాలేజీల్లో బాగా నడిచే జోడీ ఏది? ఎకనామిక్స్ మేజర్, పొలిటికల్ సైన్స్ మైనర్. రెండూ మంచి సబ్జెక్టులే, కాని ఈ పోస్టుకు దరఖాస్తు కూడా చేయలేరు. రెండో మైనర్‌గా హిస్టరీ పెట్టుకుంటే ఆ చిక్కు పోతుంది.

మ్యాథ్స్ టీజీటీకి మ్యాథ్స్‌తో పాటు ఫిజిక్స్, కెమిస్ట్రీ, ఎలక్ట్రానిక్స్, కంప్యూటర్ సైన్స్, స్టాటిస్టిక్స్‌లలో ఏవైనా రెండు అడుగుతారు. మ్యాథ్స్ ఆనర్స్ చేశాను కదా అంటే సరిపోదు, ఆ తోడు సబ్జెక్టులు కూడా డిగ్రీలో ఉండాలి. మ్యాథ్స్ మేజర్ తీసుకుని, ల్యాబులు తప్పించుకుందామని మైనర్లకు ఎకనామిక్స్, ఎడ్యుకేషన్ పెట్టుకునే పిల్లలు ప్రతి ఏడూ కనిపిస్తారు. ల్యాబ్ తప్పుతుంది, నిజమే. దాంతో పాటే ఈ పోస్టూ తప్పుతుంది. సైన్స్ టీజీటీకి బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ. జువాలజీ మేజర్ వాళ్ళు మిగతా రెండిటినీ మైనర్లుగా పెట్టుకోవడమే క్షేమం. ఒడిశా ప్రభుత్వ హైస్కూళ్ళలో సైన్స్ టీజీటీ పోస్టులు పీసీఎం (ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్), సీబీజెడ్ (కెమిస్ట్రీ, బోటనీ, జువాలజీ) అని రెండు రకాలు. ఫిజిక్స్ మేజర్‌కి మ్యాథ్స్, కెమిస్ట్రీ తోడైతే మొదటిదానికి ఢోకా ఉండదు. ఫిజిక్స్ పక్కన జువాలజీ పెట్టుకుంటే రెండిటికీ పనికిరాకుండా పోయే ప్రమాదం ఉంది. బీఈడీలో మెథడ్ సబ్జెక్టులు కూడా డిగ్రీ సబ్జెక్టులను బట్టే ఇస్తారు కాబట్టి తప్పు అక్కడా వెంటాడుతుంది.

ఇంకో మెలిక. మైనర్‌లో పేపర్లు కొన్నే ఉండి, అవి కూడా కొన్ని సెమిస్టర్లకే పరిమితమైతే, "ఆ సబ్జెక్టు ఎన్నేళ్ళు చదివావు" అనే ప్రశ్న వస్తుంది. కొన్ని ప్రకటనల్లో కనీసం ఇన్నేళ్ళు చదివి ఉండాలని రాస్తారు. కనుక మైనర్ పేపర్లు ఏ సెమిస్టర్లో మొదలై ఏ సెమిస్టర్లో ముగుస్తాయో ముందే చూసుకోండి. ఎంపిక మీ చేతిలో ఉంటే రెండు మూడేళ్ళకు పరుచుకునేదాన్నే తీసుకోండి. మల్టీ డిసిప్లినరీ కింద ఒక 3 క్రెడిట్ల హిస్టరీ పేపరు చదివి, హిస్టరీ చదివానంటే ఎవరూ ఒప్పుకోరు.

టీచర్ పని వద్దనుకునేవాళ్ళకు ఒక్క మాట. ఎంసీఏ చేయాలంటే చాలాచోట్ల ప్లస్ టూలోనో డిగ్రీలోనో మ్యాథ్స్ అడుగుతారు. ప్లస్ టూ కామర్స్‌లో మ్యాథ్స్ వదిలేసినవాళ్ళకు డిగ్రీలో దొరికే మ్యాథ్స్ పేపరే దారి. బ్యాంకు పరీక్షలకు ఏ డిగ్రీ అయినా ఒకటే, కాబట్టి వాటి కోసమని మైనర్ మార్చుకోనక్కర్లేదు.

ఇక భాష. మన పిల్లలు అన్నిటికంటే తేలిగ్గా తీసుకునేది ఇదే. ఒడిశా ప్రభుత్వ ఉద్యోగ ప్రకటనల్లో దాదాపు అన్నిటిలోనూ ఒక షరతు ఉంటుంది. ఒడియా చదవడం, రాయడం, మాట్లాడడం రావాలి. దానికి రుజువుగా ఏడో తరగతి గాని ఆపైన గాని ఒడియా ఒక భాషగా పాసై ఉండాలి, లేదా భాషేతర సబ్జెక్టులు ఒడియా మీడియంలో రాసి మెట్రిక్ పాసై ఉండాలి, లేదా సెకండరీ బోర్డు పెట్టే ఎం.ఇ. (ఏడో తరగతి) స్థాయి ఒడియా పరీక్ష పాసవ్వాలి. ఇక్కడే పుట్టి, బడి మాత్రం ఇచ్ఛాపురంలోనో పాతపట్నంలోనో పార్వతీపురంలోనో చదివిన పిల్లలు ఈ షరతు దగ్గర ఆగిపోతారు. ఇంట్లో, బజార్లో ఒడియా గడగడా మాట్లాడతారు, కాగితం మాత్రం ఉండదు. డిగ్రీలో భాషా పేపరుగా ఒడియా తీసుకుంటే అలవాటుకు మంచిదే గాని, ఆ మార్కుల కాగితం చూపించి నెగ్గుకొద్దామనుకోకండి. షరతు రాసిన తీరు బడి స్థాయిది, డిగ్రీ పేపరు ఒప్పుకుంటారన్న భరోసా లేదు. డిగ్రీ మొదటి ఏడాదిలోనే ఎం.ఇ. పరీక్ష సంగతి తేల్చేసుకోండి. ఏడో తరగతి స్థాయి కాబట్టి లిపి వచ్చినవాళ్ళకు అది కష్టం కాదు. లిపి రానివాళ్ళకు మాత్రం కొన్ని నెలల పని, ఆఖరి సెమిస్టర్లో పెట్టుకుంటే కుదరదు.

తపాలా శాఖ జీడీఎస్ (గ్రామీణ డాక్ సేవక్) పోస్టులకు పదో తరగతి వరకు స్థానిక భాష చదివి ఉండాలి. ఒడిశా సర్కిల్‌కి అది ఒడియా, ఆంధ్ర సర్కిల్‌కి తెలుగు. దీన్ని డిగ్రీలో దిద్దుకునే వీలు లేదు, మీ పదో తరగతి మార్కుల జాబితా ఏది చెబితే అటే. స్టేట్ బ్యాంక్ క్లర్కు ఉద్యోగానికి పదిలోనో ప్లస్ టూలోనో ఆ భాష చదివినట్టు కాగితం ఉంటే భాషా పరీక్ష మినహాయింపు, లేకపోతే పరీక్ష ఉంటుంది.

అలాగని తెలుగు వదిలేయమని కాదు. ఒడిశా టెట్‌లో మొదటి భాషగా ఒడియా, ఉర్దూ, హిందీ, బెంగాలీతో పాటు తెలుగు కూడా ఉంది. తెలుగు టీజీటీ పోస్టులూ పడతాయి, బహు తక్కువగా. ఆ కొద్దిపాటి పోస్టుల కోసం తెలుగు మేజర్ చదవడం నా దృష్టిలో సాహసమే. కాలేజీలో భాషా పేపరు జాబితాలో తెలుగు ఉందా, ఉంటే చెప్పే లెక్చరర్ ఉన్నారా అని అడిగి, రెండిటికీ అవునంటే తీసుకోండి. లెక్చరర్ లేని భాషా పేపరు తీసుకుని సొంతంగా చదువుకున్నవాళ్ళకు ఇంటర్నల్ మార్కుల దగ్గర చిక్కు వస్తుంది. ఆంధ్ర డీఎస్సీ కూడా రాయాలనుకుంటే ఒకటి గమనించండి. అక్కడ లోకల్ కోటా చదివిన ఊరు, చదివిన ఏళ్ళను బట్టి తేలుతుంది. ఇవతల చదివినవాళ్ళు సాధారణంగా నాన్ లోకల్ కిందే పోటీ పడాలి.

దరఖాస్తు సామ్స్ పోర్టల్లో, అంటే ఒడిశా ప్రభుత్వ ఆన్‌లైన్ అడ్మిషన్ల సైటులో. అన్ని కాలేజీలకూ ఒకే ఫారం, అందులో కాలేజీ, ఆనర్స్ సబ్జెక్టు జోడీలను వరుసగా పెట్టాలి. మార్కులకు తగ్గట్టు వరుస పెట్టమని నెట్ సెంటర్‌లో సలహా ఇస్తారు, వినకండి. మీ మార్కులకు అందే వాటిలో పైన ఉన్నది ఇస్తుంది. కాబట్టి నిజంగా కావలసినదే మొదట పెట్టాలి, తప్పక దొరికేది ఆఖర్న. మొదటి జాబితాలో రెండో మూడో ఆప్షన్ వస్తే చేరి, స్లైడ్ అప్ (పై ఆప్షన్‌కి మార్పు) అడగొచ్చు. అడిగాక పై ఆప్షన్ దొరికితే పాత సీటు దానంతటదే పోతుంది, వెనక్కి రాలేరు. "చూద్దాంలే" అని స్లైడ్ అప్ పెట్టి, పర్లాకిమిడిలో హాయిగా ఉన్న పిల్ల బరంపురంలో హాస్టల్ వెతుక్కోవడం జరుగుతుంది. పై ఆప్షన్ వస్తే కచ్చితంగా వెళ్తామనుకుంటేనే నొక్కండి. సీటు వచ్చాక గడువులోగా చేరకపోతే తర్వాతి జాబితాల్లో పేరుండదు.

ఆంధ్ర ఇంటర్ బోర్డు నుంచి వచ్చేవాళ్ళు మార్కులు తామే నింపాలి, మెమో జతచేయాలి. చేరేటప్పుడు మైగ్రేషన్ సర్టిఫికెట్ అడుగుతారు. ఇక్కడి ప్లస్ టూ వాళ్ళు సీఎల్‌సీ (కాలేజీ వదిలిన సర్టిఫికెట్) తీసుకెళ్ళాలి. రిజర్వేషన్‌లో ఎస్టీకి 22.5, ఎస్సీకి 16.25 శాతం, 2025 నుంచి ఎస్ఈబీసీకి (ఒడిశాలో బీసీలకు వాడే పేరు) 11.25 శాతం ఉన్నాయి. వీటికి ఒడిశా తహసీల్దారు ఇచ్చిన సర్టిఫికెటే చెల్లుతుంది. ఆంధ్రలో బంధువుల ఊరి నుంచి తెచ్చిన బీసీ సర్టిఫికెట్ ఇక్కడ పనికిరాదు. మీ కులం ఒడిశా జాబితాలో ఉందో లేదో, ఏ పేరుతో ఉందో చూసుకోండి.

రోజూ బస్సులో వచ్చేవాళ్ళు గంటల లెక్క కూడా వేసుకోవాలి. ఒక క్రెడిట్ అంటే సెమిస్టర్‌కి 15 గంటల పాఠం, ల్యాబ్ అయితే 30 గంటలు. 4 క్రెడిట్ల థియరీ పేపరు 60 గంటలు. అదే 3 క్రెడిట్ల థియరీ, 1 క్రెడిట్ ల్యాబ్ అయితే 75. సెమిస్టర్‌కి 20 క్రెడిట్లు, అంటే ఇలాంటివి అయిదు పేపర్లు అనుకోండి. ల్యాబ్ లేకపోతే 300 గంటలు, 15 వారాల మీద వారానికి 20. అందులో మూడు ల్యాబ్ పేపర్లైతే 345 గంటలు, వారానికి 23. ఆ పెరిగిన మూడు గంటలూ ల్యాబువే, అవి మధ్యాహ్నం ఆఖర్న పడితే చికిటి, పాత్రపురం వైపు వెళ్ళే బస్సు దాటిపోతుంది. హాజరు 75 శాతం కావాలంటే 60 క్లాసుల్లో 15 మాత్రమే మానొచ్చు. ఒక పేపరుకి వారంలో నాలుగు క్లాసులుండి, రెండు మొదటి పీరియడ్‌లో పడి, బస్సు రోజూ ఆలస్యమైతే 30 క్లాసులు పోతాయి. ఆ ఒక్క పేపరులోనే హాజరు సగానికి పడిపోతుంది. చేరకముందే డిపార్ట్‌మెంటుకి వెళ్ళి నిరుటి టైంటేబుల్ ఫోటో తీసుకోండి, నోటీసు బోర్డు మీద ఇంకా ఉంటుంది. అప్పుడే ఎంతమంది లెక్చరర్లున్నారో, గెస్టులెందరో కూడా అడగండి. ఒక్కరితో నడిచే డిపార్ట్‌మెంటులో మేజర్ వద్దు, మైనర్ అయితే సర్దుకోవచ్చు.

కాలేజీలో లేని పేపరు స్వయం అనే కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల పోర్టల్లో చదివి క్రెడిట్లు తెచ్చుకోవచ్చు. ఒక సెమిస్టర్లో మొత్తం కోర్సుల్లో 40 శాతం వరకు యూజీసీ ఒప్పుకుంటుంది. ముందు కాలేజీ నుంచి రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి, కోర్సు అయిపోయాక అడిగితే లాభం లేదు. మధ్యలో మానేయాల్సి వస్తే 40 క్రెడిట్లతో సర్టిఫికెట్, 80తో డిప్లొమా ఇస్తారు, అయితే రెండిటికీ అదనంగా 4 క్రెడిట్ల వృత్తి కోర్సు చేయాలి. మూడేళ్ళ లోపు తిరిగి చేరవచ్చు, మొత్తం ఏడేళ్ళలో ముగించాలి.

ఈ క్రెడిట్లన్నీ జమయ్యేది అకడమిక్ బ్యాంకులో (క్రెడిట్ల ఆన్‌లైన్ ఖాతా), అపార్ అనే విద్యార్థి గుర్తింపు నంబరు మీద. మన పేర్లతో అసలు తంటా అక్కడే. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు పూర్తిగా ముందు, ఆధార్‌లో ఒక్క పొడి అక్షరం, ప్లస్ టూ కాగితంలో ఒడియా పద్ధతిలో ఇంటిపేరు ఆఖర్న. ఆధార్‌కీ చదువు కాగితానికీ పేరు కలవకపోతే అపార్ తయారవదు, మార్కులు జమకావు. పదో తరగతి సర్టిఫికెట్‌లో అక్షరాలు ఎలా ఉన్నాయో అలాగే ఆధార్‌ను దిద్దించండి. ఆధార్‌లో పేరు మార్పు జీవితంలో రెండుసార్లే కాబట్టి, కేంద్రంలో ఫారం ఇచ్చేముందు స్క్రీన్ మీద ఇంగ్లీషు స్పెల్లింగు ఒక్కో అక్షరం సర్టిఫికెట్ పక్కన పెట్టి చూసుకోండి.