లాగితే రాలేదు, తిప్పితే వచ్చింది: తుప్పు పట్టిన వీల్ హబ్‌తో నా అనుభవం

పికప్ ట్రక్కుకి వీల్ హబ్ (చక్రాన్ని బిగించే, లోపల బేరింగ్ ఉండే భాగం) మార్చడం గంటన్నర పని అని చెప్పే వీడియోలన్నీ టెక్సస్‌లోనో అరిజోనాలోనో తీసినవై ఉంటాయి. మేముండేది మిషిగన్, నోవై దగ్గర. ఇక్కడ చలికాలమంతా రోడ్ల మీద ఉప్పు చల్లుతూనే ఉంటారు. డెట్రాయిట్ నగరం కిందే దాదాపు 1,100 అడుగుల లోతున ఉప్పు గని ఉంది, అందులో తవ్విన ఉప్పు రోడ్లకే పోతుంది. అందుకని ఇక్కడ ఉప్పుకీ కరువు లేదు, బండ్ల కింద తుప్పుకీ కరువు లేదు.

నాది 2010 షెవర్లే సిల్వరాడో 1500, ఫోర్ వీల్ డ్రైవ్, సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. ముందు ఎడమ చక్రం దగ్గర మోత మొదలైంది. నలభై మైళ్ల వేగం దాటగానే ఒకటే గుంయ్‌మనే చప్పుడు, బండి కుడికి తిరిగితే పెరుగుతుంది, ఎడమకి తిరిగితే తగ్గుతుంది. టైర్ల మోతైతే అలా మారదు, అది బేరింగే. కుడికి తిరిగేటప్పుడు బరువంతా ఎడమ చక్రం మీద పడుతుంది కాబట్టి పోయింది ఎడమదే. జాకీ మీద లేపి చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే లూజు కూడా తెలిసింది. గ్యారేజీలో అడిగితే ఆరు వందల డాలర్లు దాటి చెప్పారు, పైగా "తుప్పుకి ఊడిరాకపోతే నకిల్ కూడా మార్చాలి, అది వేరే" అన్నారు. ఆ "వేరే" ఎంతో చెప్పలేదు. నకిల్ అంటే హబ్‌ని బిగించే ఇనప దిమ్మ. సరే, టిమ్‌కెన్ హబ్ ఒకటి కొని నేనే దిగాను.

మొదటి సగం నిజంగానే సులువు. చక్రం నేల మీద ఉండగానే, మధ్య మూత తీసి, 36 ఎంఎం సాకెట్‌తో యాక్సిల్ (ఇరుసు) నట్టు వదులు చేసుకోవాలి. చక్రం గాల్లోకి లేచాక దాన్ని విప్పాలంటే ఒకరు బ్రేకు తొక్కి కూర్చోవాలి. తర్వాత జాక్ స్టాండ్ పెట్టి చక్రం, క్యాలిపర్ (బ్రేకు పట్టే భాగం), రోటర్ (బ్రేకు డిస్కు) విప్పాను. క్యాలిపర్‌ని బ్రేకు గొట్టం మీద వేలాడనివ్వకుండా తీగతో పైకి కట్టాను. బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ వైరు హబ్‌తో పాటే వస్తుంది, దాని క్లిప్పులన్నీ విప్పుకుంటూ పోయాను. హబ్‌ని నకిల్‌కి పట్టి ఉంచేవి వెనక నుంచి మూడే బోల్టులు. బ్రేకర్ బార్‌కి (బోల్టులు విప్పే పొడుగు పిడికి) ఇనప గొట్టం తొడిగి వేలాడితే ఒక్కొక్కటీ తుపాకీ పేలినట్టు చప్పుడు చేసి వదిలాయి. మూడూ చేతికొచ్చాయి. ఇక హబ్‌ని పట్టుకుని లాగితే ఊడి రావాలి.

కదలనే లేదు.

ఇనుము తుప్పు పడితే ఆ తుప్పు అసలు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. హబ్ వెనక భాగం గుండ్రంగా నకిల్ రంధ్రంలో బిగువుగా కూర్చుంటుంది, ఆ సందులో ఏళ్ల తరబడి తుప్పు ఉబ్బితే రెండూ ఒకే ముక్క అయిపోతాయి. తుప్పు వదిలించే ఆయిల్ స్ప్రే పీబీ బ్లాస్టర్ బాగా కొట్టి రాత్రంతా నాననిచ్చాను. బండి విడిభాగాలమ్మే ఆటోజోన్ వాళ్లు డిపాజిట్ మీద పనిముట్లు ఇస్తారు, తిరిగిచ్చేస్తే డబ్బు మొత్తం వెనక్కి వస్తుంది. అలా స్లైడ్ హ్యామర్ (కడ్డీ మీద బరువు జారే పనిముట్టు) తెచ్చి హబ్ ముఖానికి బిగించి బరువుని వెనక్కి ఈడ్చి కొట్టాను. దెబ్బ దెబ్బకీ ట్రక్కంతా ఊగుతోంది, హబ్ మాత్రం చెక్కుచెదరలేదు. ఇలా ఎక్కువగా లాగితే వచ్చే చిక్కు ఇంకొకటి ఉంది. బేరింగే రెండుగా విడిపోయి ముందు భాగం చేతికొచ్చేసి, వెనక డొక్కు నకిల్‌లోనే ఉండిపోతుంది. అప్పుడు పట్టుకోడానికి కూడా ఏమీ మిగలదు. ఆ టెన్షన్‌తోనే ఆపాను.

గ్యాస్ టార్చ్‌తో వేడి చేసే సంగతి కూడా ఆలోచించాను, కానీ అప్పటికే అంతా ఆయిల్‌తో తడిసి ఉంది, పక్కనే బాల్ జాయింట్ రబ్బర్లు. పైగా క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్ కొట్టిన చోట వేడి తగిలితే ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది, ప్రాణాల మీదకొచ్చే వ్యవహారం. స్టీరింగ్ తిప్పి ఆ బలంతోనే హబ్‌ని బయటికి నెట్టించే చిట్కా ఒకటి చాలామంది చెబుతారు. అది ముందు చక్రాలు రెంటినీ కలిపే ఒకే గట్టి యాక్సిల్ ఉన్న పెద్ద ట్రక్కులకి, అక్కడ బోల్టు తలకీ యాక్సిల్‌కీ మధ్య ఏదైనా అడ్డం పెట్టొచ్చు. మన బండిలో అలా ఆనడానికి కదలని భాగమే లేదు.

మా మామయ్యగారు వేసవికని తెనాలి నుంచి వచ్చి ఉన్నారు. ముప్పై ఏళ్ల పైగా ట్రాక్టర్ నడిపించిన మనిషి. గ్యారేజీలో కుర్చీ వేసుకుని ఇదంతా చూస్తున్నారు.

"ఎందుకు అల్లుడుగారూ దాన్ని అట్టా లాగుతారు? బండి ఊగుతోంది గానీ అది ఊగట్లేదు."

"మరేం చెయ్యమంటారు మామయ్యగారూ?"

"లాగమాకండి, తిప్పండి. ఉన్నచోటే కాస్త తిరిగిందంటే ఇక వచ్చేసినట్టే. ఆ చెవి ఉందిగా, దాన్ని పక్కనించి కొట్టండి."

చెవి అంటే బోల్టు పట్టే మూల. ఈ హబ్ వెనక పలక గుండ్రంగా ఉండదు, మూడు బోల్టులకి మూడు చెవులుంటాయి. వాటి వెనకే నకిల్ చెవులు. చాక్‌పీసుతో రెండింటి మీదుగా అడ్డంగా ఒక గీత గీశాను. మందపాటి ఇనప కడ్డీ ఒకటి చెవి అంచుకి ఆనించి, హబ్ తిరిగే దిశలో సమ్మెటతో కొట్టాను. కొన్ని దెబ్బలకి ఏమీ లేదు. తర్వాత చప్పుడు మారింది, అంతవరకు ఖంగుమన్నది కాస్తా మొద్దుగా వినబడింది, సందులోంచి ఎర్రటి పొడి రాలింది. చూస్తే గీత నూలుపోగంత విడిపోయింది. ఆ సందులో మళ్లీ ఆయిల్ కొట్టి, ఈసారి రెండో వైపు నుంచి కొట్టి వెనక్కి తిప్పాను. అలా అటూ ఇటూ తిప్పుతుంటే గీత ముక్కల మధ్య ఎడం పెరుగుతూ పోయింది. చెవి నకిల్ అంచు దాటి బయటికి కనబడగానే పని మారిపోయింది, ఇప్పుడు వెనక నుంచి నేరుగా చెవి మీదే బయటికి కొట్టొచ్చు. మూడు చెవుల మీదా వంతులవారీగా కొట్టుకుంటూ వస్తే, చివరికి స్లైడ్ హ్యామర్ అవసరం లేకుండానే చేతిలోకి జారింది. హబ్‌కీ నకిల్‌కీ మధ్య ఉండే దుమ్ము రేకు మాత్రం నుజ్జయింది, అది పోయినా బాధ లేదు. మామయ్యగారు "కాఫీ పెట్టమనండి" అని లేచి లోపలికెళ్లారు.

బిగించడంలో తొందరపడకూడదు. నకిల్ రంధ్రాన్ని వైర్ బ్రష్‌తో, ఎమరీ కాగితంతో ఇనుము మెరిసేదాకా గీకాను. రంధ్రం గోడకి పల్చగా యాంటీ సీజ్ (తుప్పుకి అతుక్కుపోకుండా చేసే పూత) రాశాను, బోల్టు మరలకి మాత్రం రాయలేదు, రాస్తే టార్క్ (బిగింపు బలం) లెక్క తప్పుతుంది. హబ్ బోల్టులు 133 ఫుట్ పౌండ్లు, కొత్త యాక్సిల్ నట్టు 177, చక్రం నట్లు 140. యాక్సిల్ నట్టు పూర్తిగా బిగించకుండా బండిని నేల మీద కదిలించకూడదు, కొత్త బేరింగ్ పాడైపోతుంది.

మోత పోయింది. కుడివైపుది కూడా ముందుగానే తీసి యాంటీ సీజ్ రాద్దామా అనుకున్నాను గానీ, బాగా తిరుగుతున్న బేరింగ్‌ని సమ్మెటతో కొడితే దాన్ని నేనే చంపినట్టవుతుంది. దాన్ని అది మోత పెట్టే రోజు దాకా ముట్టుకోను, ఆయిల్ మార్చినప్పుడల్లా వెనక బోల్టుల మీద కాస్త పీబీ బ్లాస్టర్ కొడుతున్నాను, అంతే.