ఉమామి ఉమామిగానే ఉంది, చారు సూప్ అయిపోయింది

ఉగాది నాడు పచ్చడి గిన్నె ముందు కూర్చున్న మా పన్నెండేళ్ల అమ్మాయి, రుచులు ఆరు కావని, సైన్సు పాఠంలో చెప్పిన ప్రకారం ఐదేనని వాదన మొదలుపెట్టింది. కారం రుచే కాదట, నాలుక మీద నొప్పిని, వేడిని గుర్తించే నరాలకు తగిలే మంట మాత్రమేనట. వగరు కూడా నోరు పట్టేసినట్టుండే స్పర్శేనట. "మరి ఆ ఐదో రుచి, ఉమామి, ఇందులో ఏదమ్మా?" అని అడిగింది. వీడియో కాల్‌లో తెనాలి నుంచి ఇదంతా వింటున్న మా అమ్మ, "ఉమా మామీనా? ఎవరే ఆవిడ, మీ పక్కింటి అరవ వాళ్లా?" అంది. న్యూజెర్సీలో మా ఇల్లు ఆ పూట నవ్వుతో నిండిపోయింది గాని, ఆ మాట మాత్రం నన్ను చాలా రోజులు వదల్లేదు.

1908లో టోక్యో ఇంపీరియల్ విశ్వవిద్యాలయ రసాయన శాస్త్రవేత్త కికునే ఇకెడా, కొంబు అనే సముద్రపు నాచును మరిగించిన నీటిలోని ప్రత్యేకమైన రుచికి గ్లుటమేట్ అనే రసాయనం కారణమని తేల్చి, ఆ రుచికి ఉమామి అని పేరు పెట్టాడు. మనం 'కమ్మని' నుంచి 'కమ్మదనం' చేసుకున్నట్టే, జపనీయులు 'ఉమై' అనే విశేషణం నుంచి చేసుకున్న నామవాచకమిది. ఇంగ్లీషులో 'సేవరీ' అనే మాట ఉన్నా, తీపి కాని తినుబండారాలన్నిటికీ దాన్ని వాడేయడం వల్ల అది ఈ ఒక్క రుచికి అతకలేదు. 1985లో హవాయిలో జరిగిన శాస్త్రవేత్తల సదస్సు తరువాత జపాను మాటే శాస్త్రపదంగా స్థిరపడింది. అయితే ఇంగ్లీషు దాన్ని తీసుకున్నది తన పద్ధతిలోనే: నామవాచకాన్ని విశేషణంగా కూడా మార్చేసుకుంది, అందుకే మా అమ్మాయి పుట్టగొడుగుల పిజ్జా తింటూ "సో ఉమామి" అంటుంది. జపానులో లాభసాటి వ్యవహారానికి కూడా ఉమామి ఉందంటారు. ఆ అర్థం మాత్రం సముద్రం దాటి రాలేదు.

నిజానికి ఈ రుచికి సంబంధించిన జపాను మాట నా చిన్నప్పుడే మా ఇంటికి వచ్చింది, కాకపోతే తిట్టుగా వచ్చింది. నూడుల్స్ బండి దగ్గర మా నాన్నగారు "అజినమోటో వేయకు బాబూ" అని రెండుసార్లు చెప్పి, వేస్తాడేమోనని చివరిదాకా అక్కడే నిలబడేవారు. ఇకెడా కనుగొన్న గ్లుటమేట్‌నే ఉప్పు రూపంలో 1909లో అమ్మకానికి పెట్టినప్పటి పేరది. 'రుచికి మూలం' అని దాని అర్థం. 1968లో ఒక అమెరికన్ వైద్య పత్రికలో వచ్చిన లేఖ, చైనా భోజనశాలల్లో తిన్నాక కలిగే మెడ తిమ్మిరి, గుండెదడలకు కారణాలు ఊహిస్తూ దీన్ని కూడా పేర్కొనడంతో పుట్టిన భయం, తరువాతి పరిశోధనలు దాన్ని బలపరచకపోయినా, మా వీధి దాకా వచ్చి ఉంటుంది. ఒకే పదార్థం బండి మీద విషమనిపించుకుని, ఖరీదైన హోటలు మెనూలో ఉమామిగా గౌరవం పొందడం చూస్తే మా నాన్నగారు ఏమనేవారో!

కమ్మదనమే ఉమామి అని అమ్మాయికి చెబుదామనుకుని ఆగిపోయాను. కాచిన నెయ్యి కమ్మన, తోడుకున్న పెరుగు కమ్మన, పాట కూడా కమ్మన. ఇంత విశాలమైన మాటను ఒక రసాయనానికి కట్టేయడం నాకు నచ్చలేదు. మా అమ్మ వండే ఎండుచేపల టమాటా పులుసును మాత్రం ఉదాహరణగా చూపించాను: టమాటాలో గ్లుటమేట్, ఎండుచేపలో ఇనోసినేట్ అనే మరో రసాయనం, ఆ రెండూ కలిస్తే రుచి ఎన్నో రెట్లు పెరుగుతుంది. జపనీయులు కొంబుతో, ఎండబెట్టిన చేప తురుముతో కాచే దాషి అనే రసంలో చేసేదీ అదే.

ఆ తరువాతి వారమే, ఇంటి భోజనం గురించి బడికి రాసుకున్న వ్యాసాన్ని అమ్మాయి నాకు చూపించింది. అందులో చారు 'స్పైసీ సూప్' అయింది, పప్పు 'లెంటిల్స్' అయింది, మామిడికాయ వగరుకు అసలు చోటే లేదు. ఉమామి మాత్రం ఏ వివరణా లేకుండా దర్జాగా వాక్యం మధ్యలో కూర్చుంది. "చారును మార్చావు, దీన్ని ఎందుకు మార్చలేదే?" అని అడిగాను. "ఉమామి ఇంగ్లీషు మాటే కదమ్మా" అంది, నేను తెలియక అడిగినట్టు చూస్తూ.

ఆమెను తప్పుపట్టలేకపోయాను, ఎందుకంటే పదిహేనేళ్లుగా ఆఫీసులో నా డబ్బా మూత తీసి ఎవరూ అడగకముందే 'లెంటిల్ సూప్' అని చెబుతున్నది నేనే. ఆ సంగతి ఒప్పుకున్నాక ఇద్దరం కలిసి వ్యాసం మళ్లీ చదివాము. చారును చారుగానే ఉంచడానికి ఒప్పుకుని, వగరు గురించి ఒక కొత్త వాక్యం కూడా చేర్చింది గాని, పప్పు దగ్గర మాత్రం ససేమిరా అంది. ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే క్లాసులో అందరూ కుక్కపిల్ల అనుకుంటారట.