ఏడుగురి సంతకాలు

బెంగళూరులో మారతహళ్లి అవతల, కట్టడాల పక్కన రేకుల షెడ్లలో ఉండే కూలీల పిల్లలకు సాయంత్రాలు చదువు చెప్పేవాళ్లం. ఎక్కువమంది కర్నూలు, పాలమూరు వైపు వాళ్లే. ఖర్చంతా నా ఫోన్‌పే మీదే నడిచేది. ఇచ్చేవాళ్లు పెరిగేకొద్దీ నాకు టెన్షన్ పట్టుకుంది. అది నా సొమ్మో పిల్లల సొమ్మో బ్యాంకుకేం తెలుసు?

అందుకే ఒక సంస్థగా నమోదు చేయిద్దామనుకున్నాం. ట్రస్టు అయితే సులువన్నారు ఆడిటర్ గారు. డీడ్ రాయించి సబ్‌రిజిస్ట్రార్ దగ్గర రిజిస్టర్ చేయిస్తే సరి. కానీ ట్రస్టీలను లెక్క అడిగే సభ్యులంటూ ఉండరు. మాకు అడిగేవాళ్లే కావాలి, అందుకే సొసైటీ. 1960 నాటి కర్ణాటక సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద కనీసం ఏడుగురు ఉండాలి. సాయానికి ముందుకొచ్చినవాళ్లు బోలెడుమంది. ఆధార్ ఇచ్చి సంతకం పెట్టమనేసరికి "ఆలోచించి చెప్తా బ్రదర్" అన్నారు చాలామంది.

అసలు గొడవంతా బైలాస్ దగ్గరే, అంటే సంస్థ నియమావళి దగ్గర. సంస్థ మూతపడితే మిగిలిన ఆస్తిని సభ్యులు పంచుకోకూడదు, అదే ఆశయమున్న మరో సంస్థకు ఇవ్వాలని రాయాలి. "ఇంకా బారసాల కాలేదు, అప్పుడే దినాల మాటా?" అని మా పెద్దాయన కోప్పడ్డారు. అది లేకపోతే ఆదాయపు పన్ను వాళ్లు ఒప్పుకోరని ఆడిటర్ గారు చెప్పాకే తగ్గారు. చెక్కుపై రెండు సంతకాలుండాలని, ఆ ఇద్దరూ ఒకే ఇంటివాళ్లు కాకూడదని మాత్రం మాకు మేమే రాసుకున్నాం. దీనికి ఒక జంట అలిగింది కూడా.

రిజిస్ట్రార్ ఆఫీసులో పెద్ద కథేం లేదు. మేం అనుకున్న పేరు ఇంకెవరికో ఉందన్నారు, మార్చి ఇచ్చాం. సర్టిఫికెట్ వచ్చాక సొసైటీ పేరున పాన్, బ్యాంకు ఖాతా, ఆపైన పన్ను మినహాయింపులకు దరఖాస్తు, ఫారం 10ఏ. 12ఏ (సంస్థ రాబడికి మినహాయింపు), 80జీ (దాతలకు మినహాయింపు) మూడేళ్లకు తాత్కాలికంగా వచ్చాయి. దాంతో పని తీరదు, పెరుగుతుంది. రాబడిలో కనీసం 85 శాతం ఆశయానికే ఖర్చు పెట్టాలి. 80జీ రసీదు ఇచ్చిన దాతల వివరాలు పాన్‌తో సహా మే 31లోపు ఆదాయపు పన్ను శాఖ ఫారంలో ఎక్కించాలి. నగదైతే 2,000 దాటితే దాతకు మినహాయింపు రాదు.

"80జీ ఉందా?" అని మొదట అడిగేది మా ఐటీ మిత్రులే. తీరా చూస్తే వాళ్లలో చాలామంది కొత్త పన్ను విధానంలో ఉన్నారు, అందులో ఆ మినహాయింపే లేదు! అయినా రసీదు అడుగుతారు, ఇస్తాం.

మొదటి సర్వసభ్య సమావేశంలో నోటుపుస్తకాల బిల్లు చూపించమని అడిగింది, అందరికన్నా ఆఖర్న చేరిన అమ్మాయి. చూపించాం. ఆమెనే ఈ ఏడాది కోశాధికారిగా ఎన్నుకున్నాం. ఇప్పుడు ఆటో ఖర్చుకు కూడా నన్ను వోచర్ రాయమంటోంది.