మేనేజరే గోల్ కాసిన రాత్రి

మా పర్లాకిమిడిలో ఐస్ అంటే చేపల బజారుకి ఊకలో కప్పి తెచ్చే దిమ్మ, అంతే. దాని మీద కాళ్లకి స్కేట్లు కట్టుకుని హాకీ ఆడతారని చెబితే మా మామయ్య "నడుం విరగ్గొట్టుకోడానికా?" అన్నాడు. ఒడిశాలో ఉంటూ హాకీ తెలియకపోవడమేం లేదు, ఆయనకి తెలిసింది సుందర్‌గఢ్ కుర్రాళ్లు మైదానంలో ఆడే హాకీ.

మామయ్య ఒకప్పుడు వికెట్ కీపరు, ఇప్పుడు మా వీధి క్రికెట్ జట్టుకి మేనేజరు. మేనేజరంటే కిట్ బ్యాగు మోసేది, అంపైరుతో దెబ్బలాడేది, చివర్లో బజ్జీల డబ్బులిచ్చేది కూడా ఆయనే. అందుకే ఐస్ హాకీ ఆటగాడు లెస్టర్ పాట్రిక్ గురించి చదవగానే ఆయనే గుర్తొచ్చాడు.

పాట్రిక్ 1883లో కెనడాలోని క్యూబెక్‌లో పుట్టాడు. మాంట్రియల్ వాండరర్స్ తరఫున 1906, 1907ల్లో ఐస్ హాకీలో పెద్ద కప్పయిన స్టాన్లీ కప్ గెలిచాడు. 1911లో తమ్ముడు ఫ్రాంక్‌తో కలిసి పశ్చిమ తీరంలో సొంత లీగే పెట్టేశాడు. అక్కడి చలికి నీళ్లు సరిగా గడ్డకట్టవు కాబట్టి, నాన్న కలప వ్యాపారం అమ్మిన డబ్బుతో విక్టోరియాలో, వాంకూవర్‌లో యంత్రాలతో ఐస్ గడ్డకట్టించే రింకులు కట్టారు. పెనాల్టీ షాట్ కూడా ఆ అన్నదమ్ముల లీగులో పుట్టిందే. 1926లో న్యూయార్క్ రేంజర్స్ జట్టుకి కోచ్, మేనేజర్ రెండూ ఆయనే అయ్యాడు.

ఇక 1928 ఏప్రిల్ 7, మాంట్రియల్‌లో స్టాన్లీ కప్ ఫైనల్ రెండో మ్యాచ్. అవతలి జట్టు మరూన్స్ ఆటగాడు నెల్స్ స్టివార్ట్ కొట్టిన పక్ (బంతి బదులు వాడే రబ్బరు బిళ్ల) రేంజర్స్ గోలీ, అంటే గోల్ కీపరు, లోర్న్ చాబో కంటికి తగిలింది. అప్పట్లో జట్టుకి ఒక్కడే గోలీ. ఒట్టావా జట్టు గోలీ అలెక్ కానెల్ ప్రేక్షకుల్లోనే ఉన్నాడు, అతన్ని ఆడించుకుంటామంటే అవతలి మేనేజరు ఒప్పుకోలేదు (మా పక్కూరి జట్టూ ఇంతే). చేసేది లేక 44 ఏళ్ల పాట్రిక్ తనే ప్యాడ్లు కట్టుకుని దిగాడు, అది కూడా ఆడే రోజుల్లో డిఫెన్స్‌లో ఉన్న మనిషి! ఒక్క గోలే ఇచ్చాడు, ఓవర్‌టైమ్‌లో ఫ్రాంక్ బౌచర్ గోలు కొట్టి 2-1తో గెలిపించాడు. ఆ ఏడాది కప్పూ రేంజర్స్‌దే.

పోయిన సంక్రాంతికి మా కీపరు వేలు వాచిపోతే మామయ్యా ఇలాగే దిగాడు. ప్యాడ్ పట్టీ ఊడిపోతుంటే తువ్వాలుతో కట్టుకుని, ఒక క్యాచ్ పట్టాడు, బైలు లెక్కలేనన్ని వదిలాడు, మర్నాడు మంచం దిగలేదు.

కథంతా విని "తర్వాత మ్యాచ్‌కీ ఆయనే దిగాడా?" అన్నాడు.

లేదు మామయ్యా, జో మిల్లర్ అని వేరే గోలీని తెచ్చుకున్నారు అన్నాను.

"బుద్ధిమంతుడు" అన్నాడు, మోకాలు రుద్దుకుంటూ.