ఫ్లాట్ కొనేముందు ‘గజాలు’ చూడండి

కర్నూల్లో నంద్యాల రోడ్డు వైపు ఫ్లాట్ చూడ్డానికి పోయినోళ్లు టైల్స్ చూస్తారు, మాడ్యులర్ కిచెన్ చూస్తారు. నేల వాటా అడిగేవాళ్లు తక్కువ. అసలు ఆస్తి అదే.

లెక్క ఇట్లా వేసుకోండి. స్థలం 600 గజాలు, 10 ఫ్లాట్లు, ఒక్కోటి 1500 అడుగులు. ఒక్కో ఫ్లాటుకు 60 గజాల అవిభాజ్య వాటా, అంటే విడిగా హద్దులు గీయని ఉమ్మడి నేలలో మీ వంతు, రావాల. పైన ప్లాన్‌లో లేని పెంట్‌హౌస్ ఒకటి లేపి దానికీ వాటా రాస్తే 54న్నరే మిగులుతుంది. ముందు కొన్నవాళ్లకు 60 చొప్పున రాసేసి ఉంటే, చివర్లో కొన్నవాళ్లకు గజాలే చాలవు. అందుకే దస్తావేజు షెడ్యూల్లో మీ గజాలొక్కటే చూస్తే సరిపోదు. ఆ స్థలం మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే ఈసీ తీసి, అమ్మిన ఫ్లాట్ల వాటాలన్నీ మీ వాటాతో సహా కూడండి. 600 దాటిందా, లేచి వచ్చేయండి.

స్థలం 500 చదరపు మీటర్లు, అంటే సుమారు 598 గజాలు దాటి, ఫ్లాట్లు 8కి మించితే రెరా, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ దగ్గర రిజిస్ట్రేషన్ తప్పనిసరి. 590 గజాల్లో 8 ఫ్లాట్లు ఎందుకు కడతారో ఇప్పుడు అర్థమైందా!

రెరా 2016 చట్టం ప్రకారం అగ్రిమెంట్ రిజిస్టర్ కాకుండా బిల్డరు ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు. కొన్నవాళ్ల డబ్బులో 70 శాతం విడి ఖాతాలో ఉండాల. ఇంజనీరు, ఆర్కిటెక్టు, సీఏ ముగ్గురూ సర్టిఫికెట్ ఇస్తేనే, అయిన పని మేరకు బయటికి తీయాల. అప్పగించాక 5 ఏళ్లలోపు స్లాబు, పిల్లర్లలో లోపం బయటపడితే, చెప్పిన 30 రోజుల్లో బిల్డరే సొంత ఖర్చుతో బాగుచేయాల. నోటిమాటగా కాదు, రాసి ఇచ్చి తేదీతో రసీదు తీసుకోండి.