కడప బండ, కార్గిల్ మంచు

మే 12

మిట్టమధ్యాహ్నం ఆరేసిన పంచె తెచ్చుకునేదానికి వాకిట్లోని కడప బండల మీద ఉత్తకాళ్లతో నాలుగడుగులు వేసినాడంట పెద్దాయన. ఎడమ అరికాలి కింద రూపాయి బిళ్లంత బొబ్బ. ఆయనకు తెలీనేలేదు. సాయంత్రం కోడలు చూసింది.

ఇంట్లో అందరూ షుగర్ అన్నారు. షుగర్ తిమ్మిరైతే మామూలుగా రెండు పాదాలకూ ఇంచుమించు ఒకేలా ఉంటుంది. కళ్లు మూయించి, 10 గ్రాముల ఒత్తిడికి వంగే నైలాన్ పోగును వంగేదాకా ఆనిస్తే కుడికాలు అన్నిచోట్లా పలికింది. ఎడమకాలు వేళ్ల దగ్గర గమ్మునుండిపోయింది. "మిలిటరీలో ఎక్కడుంటివి పెద్దాయనా?" అంటే అప్పుడు చెప్పినాడు: 1999, కార్గిల్, తడిసిన బూట్లతో రెండు రాత్రులు.

మంచుకు గడ్డకట్టిన కాలు కరిగేటప్పుడు సన్నటి రక్తనాళాల్లో నెత్తురు పేరుకుంటుంది. చర్మం మానుతుంది గానీ నరం పూర్తిగా మానకపోవచ్చు. వయసులో ఉన్నన్నాళ్లు మిగిలిన నరాలతో నెట్టుకొస్తారు. ముసలితనం, షుగర్ కలిసి ఆ మిగిలినవాటినీ తినేస్తే పాత దెబ్బ పైకి తేలుతుంది. అందుకే చీటీలో "షుగర్" పక్కనే "1999, మంచు, ఎడమ పాదం" అని కూడా రాయించాలి. చాలామంది రాయించరు, అడిగేవాళ్లూ తక్కువ.

కాలిన వెంటనే అయితే 20 నిమిషాలు కుళాయి నీళ్ల కింద పెట్టాల్సింది. ఇప్పుడు బొబ్బ చిదమకూడదు, పేస్టూ పసుపూ పూయకూడదు. శుభ్రమైన గుడ్డ కట్టి, షుగర్ ఉంది కాబట్టి ఆ రోజే డాక్టరుకు చూపించి, టీటీ సూది సంగతి అడగాలి. ఎరుపు పైకి పాకినా, వాసనొచ్చినా ఆలస్యం చేయకూడదు. హవాయి చెప్పులు వద్దు, స్పర్శ లేని కాలి నుంచి జారిపోయినా తెలీదు. వెనక పట్టీ ఉన్న ఎంసీఆర్ (మెత్తటి రబ్బరు) చెప్పులు ఇంట్లో కూడా వేసుకోవాలి, వేసుకునే ముందు తుమ్మముల్లుందేమో లోపల చేత్తో తడమాలి. స్నానం నీళ్ల వేడి మోచేత్తో చూడాలి, కాలితో కాదు. ఇటుకరాయి కాపడం అసలే వద్దు.

ఆయనకు మాటలు వినపడతాయి, అర్థం కావు. ఫిరంగి మోతలకు చెవిలోని సన్నటి వెంట్రుక కణాలు చస్తే మళ్లీ పుట్టవు. ముందు పోయేది కీచు శబ్దాలే, అంటే 'స', 'త' లాంటివి. అరిస్తే లాభం లేదు. టీవీ ఆపి, ఎదురుగా నిలబడి నిదానంగా చెప్పాలి.

గడప నుంచి దండెం దాకా గోనెపట్టాలు తడిపి పరచమంటే, తడిస్తే కాలు జారుతుందని కోడలే అంది. పొడివే పరిచింది.